పాత పార్సిల్ కంపెనీల్లో బండి నడిపినవాళ్లు ఎవరున్నారిక్కడ?

ఆటోనగర్ బాబాయ్:
లారీ దిగిపోయి ఇప్పుడు మనవల్ని స్కూటీ మీద బడికి దింపుతున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో చూద్దామని అడుగుతున్నాను. ఎస్సార్ఎంటీ, నవత, టీసీఐ, సదరన్ రోడ్‌వేస్, పటేల్ రోడ్‌వేస్, ఇంకా పేరు కూడా మిగలకుండా పోయిన చిన్న చిన్న ట్రాన్స్‌పోర్టులు... ఏ కంపెనీ, ఏ లైను, ఏ బండి, అంతే రాయండి చాలు. మిగతాది ఎలాగూ ఒకళ్లనొకళ్లు లాగుకుంటారు. నేను డెబ్బైల చివర్లో క్లీనర్‌గా ఎక్కాను, బెజవాడ-మద్రాసు లైను, బండి బెంజి. లేలాండ్ వాళ్లు కూడా రాయొచ్చు, కాకపోతే గొప్పలు కొంచెం తగ్గించుకుని రాయండి.

గోదారి గట్టు:
మొదలుపెట్టడమే గొడవతో మొదలుపెట్టావు బాబాయ్. నాది లేలాండ్ కామెట్. ఆకివీడు, కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు. మీ బెంజి వాళ్లు ఎత్తు వచ్చినప్పుడల్లా ఫస్ట్ గేర్లో ఏడుస్తుంటే పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయినవాళ్లం మేం.

ఆటోనగర్ బాబాయ్:
పోయి, అవతల ఊళ్లో స్పేరు దొరక్క రెండ్రోజులు పడుకున్నవాళ్లు కూడా మీరే. బెంజికి ఏ పల్లెటూళ్లో ఆగినా మెకానిక్కు ఉండేవాడు.

లెక్కలాయన:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను డ్రైవర్ని కాదు, పార్సిల్ ఆఫీసులో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. బాబాయ్ గారూ, మీరు ఎక్కింది బెంజి కాదండీ. టెల్కోకి, అంటే ఇప్పటి టాటా మోటార్స్‌కి, జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్లతో ఒప్పందం 1954 లో మొదలై 1969 లో అయిపోయింది. ఆ తరవాత బండి ముందు నక్షత్రం తీసేసి టాటా గుర్తు పెట్టారు. డెబ్బైల చివర్లో మీరు క్లీనర్‌గా ఎక్కింది టాటా అయ్యుంటుంది.

ఆటోనగర్ బాబాయ్:
కాయితం మీద మీరన్నదే రైటు. కానీ ఆ రోజుల్లో ఏ డ్రైవర్ని అడిగినా ఆయన చెప్పేది 'బెంజి బండి' అనే. మా ఓనరు గారు కొత్త టాటా కొన్నప్పుడు కూడా ఊళ్లో బెంజి కొన్నానని చెప్పుకున్నాడు, పెళ్లి శుభలేఖల్లో 'లారీ ఓనర్' అని వేయించుకున్నాడు.

ఉస్మాన్‌గంజ్ కాకా:
ఏం లొల్లి అన్నా ఇది, బండి ఏదైతేంది, పవర్ స్టీరింగ్ లేని బండి ఏదైనా ఒకటే. లోడు బండిని ఆగిన చోట తిప్పాలంటే సీట్లకెల్లి లేచి నిలబడి తిప్పేది. ఇప్పటి పోరగాళ్లు ఒక్క వేలుతో తిప్పుతుండ్రు. నాది హైదరాబాద్-ఢిల్లీ లైను. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కి, ఆదిలాబాద్, నాగ్‌పూర్, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. ఎండాకాలం వస్తే నూజివీడు పోయి మామిడికాయ ఎక్కించేది. కింద మీద వరిగడ్డి వేసి, కాయ వేడెక్కకుండ టార్పాలిన్ పక్కలకు కొంచెం ఎత్తి కట్టి, ఆజాద్‌పూర్ మండీకి పరుగే పరుగు. మన బంగినపల్లిని ఆడ సఫేదా అంటరు. మండీల దళారి కాయ కోసి ముక్క నోట్లె వేసుకునే దాకా మనకు ప్రాణం నిలువదు, మాగింది ఎక్కువైతే రేటు పడ్డట్టే, ఆ తిట్లన్నీ డ్రైవర్‌కే.

క్లీనర్ నుంచి ఓనర్:
కాకా, చంబల్ సంగతి రాయవేం?

ఉస్మాన్‌గంజ్ కాకా:
రాస్త తమ్మీ. గ్వాలియర్ దాటినంక మొరేనా, ధోల్‌పూర్ మధ్యల చంబల్ లోయ. నేను కొత్తగ లైను ఎక్కిన రోజుల్ల రాత్రి పూట ఒంటరి బండి పోకపోయేది. ధాబా కాడ బండ్లు జమ అయ్యే దాకా చాయ్ తాగుకుంట కూసుండి, అన్నీ కలిసి ఒక్క లైను గట్టి పోయేది. ముందటి బండికి సర్దార్జీ ఉంటే ధైర్యం. నేను దొంగల్ని ఎన్నడు చూడలే, కానీ దొంగల కథలు చెప్పి మా క్లీనర్‌తో రాత్రంత కాళ్లు పట్టించుకున్నోళ్లను మస్తు మందిని చూసిన.

గోదారి గట్టు:
చేపల లోడుకి దొంగల భయం లేదు, వాసనకే దూరం పోతారు. మాకు భయం ఒక్కటే, ఐసు. బొచ్చె, శీలావతి వరస పేర్చి, దంచిన ఐసు పోసి, మళ్లీ వరస, మళ్లీ ఐసు. మొదట్లో వెదురు బుట్టలు, తరవాత ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. వెయ్యి కిలోమీటర్ల పైమాట, హౌరా మార్కెట్లో తెల్లారకముందే దించాలి. టైముకి చేరితే బత్తా మీద ఇంకో నోటు, లేటయితే ఆ నోటూ పోయి బత్తాలోనూ కోత. అందుకని ఇద్దరు డ్రైవర్లం, ఒకడు నడిపితే ఒకడు పడుకోవడం, బండి మాత్రం డీజిల్‌కీ టీకీ తప్ప ఆగేది కాదు. చిలకా సరస్సు పక్కన బాలుగావ్‌లో అన్నం తినేవాళ్లం. ఖరగ్‌పూర్ వస్తే పండగ. రైల్వేలో మనవాళ్లు ఎంతోమంది స్థిరపడిన ఊరు కదా, తెలుగు మాట వినపడేది, పప్పుచారు దొరికేది.

లెక్కలాయన:
పేర్లు వచ్చాయి కాబట్టి నాకు తెలిసినవి రాస్తాను, కుర్రాళ్లు చదువుతారు. వీటిలో మన పాతది కాకినాడ శ్రీ రామదాస్ మోటార్ ట్రాన్స్‌పోర్ట్, అదే ఎస్సార్ఎంటీ, 1944. టీసీఐని, అంటే ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాని, ప్రభుదయాళ్ అగర్వాల్ 1958 లో కలకత్తాలో ఒక్క లారీతో మొదలుపెట్టారు. 1989 లో అందులోంచి పుట్టిందే మన హైదరాబాద్ గతి, తరవాత 2020 లో అది ఆల్‌కార్గో చేతికి వెళ్లింది. హుబ్లీ వీఆర్ఎల్ కూడా 1976 లో ఒకే ఒక్క లారీ. మన బెజవాడ నవత 1982. సదరన్ రోడ్‌వేస్ మధురై టీవీఎస్ వాళ్లది. పూర్వం వాళ్ల బస్సుల ముందు అయస్కాంతం కట్టిన బండి నడిపి, రోడ్డు మీద గుర్రపు లాడం మేకులు ఏరించేవాళ్లని చెప్పుకుంటారు, అప్పట్లో రోడ్లు అలాంటివి మరి.

కడప రాళ్లబండి:
సార్, ఆ అయస్కాంతం మా బేతంచెర్ల రోడ్డు మీద నడిపింటే ఒక రోజులో ఇనుప కొట్టు పెట్టుకోవచ్చు.

నేను ఏ పెద్ద కంపెనీలోనూ చేయలేదు. ఓనర్ల బండ్లే. నాపరాళ్ల లోడు. రాళ్లను నిలువుగా ఆనించి పేర్చి మధ్యలో గడ్డి కుక్కుతారు. చూసేదానికి బండి సగం ఖాళీగా ఉంటుంది, కమాను కట్టలు మాత్రం వంగిపోయి ఉంటాయి. తెలియని వాడు కొంచెమే కదా అనుకుంటాడు. ఆ లోడుతో రాయచోటి వైపు నుంచి గువ్వలచెరువు ఘాటు దిగడం ఉందే, అది నేర్పిన పాఠం ఇంకెవరూ నేర్పరు. మా గురువు ఒకటే చెప్పినాడు, ఏ గేర్లో ఎక్కాలో ఆ గేర్లోనే దిగు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు అని. బ్రేకు మీదే దిగితే డ్రమ్ములు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు తొక్కినా మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో వదిలినవాళ్ల బండ్లు ఎన్నో ఆ లోయలో చూసినాము. ఎక్కేటప్పుడు క్లీనర్ చెక్క పట్టుకొని వెనక నడిచేవాడు, బండి వెనక్కి జారితే టైరు కింద పెట్టేదానికి.

క్లీనర్ నుంచి ఓనర్:
అన్నా, ఆ ఘాటు దారిలో గువ్వలచెరువులో ఆగి పాలకోవా తినకుండా ఏ డ్రైవరూ రాలేదు, అది కూడా రాయి. మా ఆవిడకి నేను రాయలసీమ ట్రిప్పు వెళ్లానో లేదో కోవా పొట్లం చూస్తేనే నమ్మకం.

నాది గుంటూరు మిర్చి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుగా కడతారు, బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ, గాలికి బండి ఊగుతుంది. క్యాబిన్ టాప్ మీద పడుకోవడం అన్ని లోడ్లకీ కుదురుతుంది గానీ మిర్చికి కుదరదు. ఎండకి టార్పాలిన్ కింద ఘాటు ఉడికి పైకొస్తుంది, తుమ్ములు, దగ్గు, కళ్లమంట. క్లీనర్‌గా ఉన్నప్పుడు తాడు బిగించి ఆ చేత్తో కళ్లు నలుపుకున్నవాడికే తెలుస్తుంది ఆ బాధ. తరవాత అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను, ఆ తరవాత రెండోది.

కానీ ఒక మాట. ఇందాకటి నుంచి కంపెనీల గురించి చదువుతున్నా. కంపెనీ డ్రైవర్ అంటే సగం గుమాస్తా. టైముకి రా, టైముకి పో, సంతకం పెట్టు. ఓనర్ బండి డ్రైవర్ అయితే రాజు. లోడు తనే చూసుకుంటాడు, బ్రోకర్ ఆఫీసులో తనే బేరమాడతాడు, దారిలో తనిష్టం.

ఆటోనగర్ బాబాయ్:
ఓనర్‌వి కాబట్టి అలాగే అంటావు. మాది పెద్ద కంపెనీ కాకపోయినా నెల జీతం, బత్తా వేరు, దసరాకి ఆయుధ పూజ రోజు బట్టలు పెట్టేవాళ్లు. ఆ రోజు బండి కడిగి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టాక మేనేజరు కూడా డ్రైవర్‌కి దణ్ణం పెట్టేవాడు. రాజు బతుకు అంటున్నావే, నీ రాజుకి కాలు విరిగితే అన్నం ఎవరు పెట్టారు?

కడప రాళ్లబండి:
ఈ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మధ్యలో కొన్నాళ్లు నేను కూడా ఒక ట్రాన్స్‌పోర్టులో జీతానికి చేసినా, పేరు వద్దులే. జీతంలో పీఎఫ్ అని పట్టుకున్నారు. మానేసినాక ఆఫీసుకు పోయి అడిగితే నా పేరు మీద కట్టిందే లేదు. అడిగిన ప్రతిసారీ 'ఓనర్ గారు ఊర్లో లేరు' అనే మాటే. ఓనర్ బండి అయితే కనీసం ఆయప్ప ఇంటి ముందర కూర్చొని అడగొచ్చు, కంపెనీ అయితే ఎవరి ఇంటి ముందర కూర్చుంటావు?

ఉస్మాన్‌గంజ్ కాకా:
నిజమే తమ్మీ. షార్టేజీ పేరు మీద కోసిన పైసలు లెక్క కడితే నాకు ఒక ప్లాటు వచ్చేది. ముప్పై డబ్బాలల్ల ఒక్క డబ్బా లేదంటరు, బండిల ఎక్కించింది హమాలీ, లెక్క రాసింది క్లర్కు, కోసేది డ్రైవర్ జీతంల.

లెక్కలాయన:
క్లర్కుని అన్నారు కాబట్టి సమాధానం చెప్పాలి. ఒక్కో బుకింగ్‌కి ఒక ఎల్ఆర్, అంటే లారీ రసీదు, అదే మీరు బిల్టీ అనేది, నాలుగైదు కాపీలు, కార్బన్ పెట్టి గట్టిగా నొక్కి రాయాలి, అడుగు కాపీ మీద అచ్చు పడకపోతే అవతలి బ్రాంచి వాళ్ల తిట్లు మాకు. ప్రతి డబ్బా మీదా నీలం రంగుతో ఎల్ఆర్ నంబరు, ఊరి పేరు, మొత్తం ఎన్ని డబ్బాలో రాయాలి. 'ఒంగోలు 30' అని ఉందంటే ఆ నంబరు మీద ముప్పై డబ్బాలు ఉన్నట్టు. రంగు ఆరకముందే హమాలీ భుజాన వేసుకుంటే అంకె వాడి బనీను మీదకి వెళ్లిపోయేది, అసలు గొడవ అక్కడ. ఎక్కించే వరసకీ లెక్క ఉంది. ఆఖర్న దించాల్సింది మొదట ఎక్కాలి. బెజవాడ నుంచి మద్రాసు బండికి ముందు మద్రాసు సరుకు క్యాబిన్ వైపు, తరవాత నెల్లూరు, వెనక తలుపు దగ్గర ఒంగోలు. ఒక్క ఒంగోలు డబ్బా లోపలికి పోయిందా, అర్ధరాత్రి ఒంగోలు గోడౌన్ ముందు సగం బండి దించి మళ్లీ ఎక్కించడమే.

ఆటోనగర్ బాబాయ్:
ఆ హమాలీ డబ్బులు ఎవరిచ్చేవారో కూడా చెప్పండి సార్.

లెక్కలాయన:
అది మేనేజర్ గారిని అడగాలండీ.

డ్రైవర్‌గారి అమ్మాయి:
నమస్తే అంకుల్. మా నాన్నగారు విశాఖ-రాయ్‌పూర్ లైనులో చేసేవారు. చిన్నప్పుడు మాకు ఫోన్ లేదు, సందు చివర కిరాణా కొట్టుకి ఫోన్ వచ్చేది, కొట్టతను కేకేసేవాడు. అసలు బండి ఎక్కడుందో ఆఫీసు వాళ్లకి ఎలా తెలిసేది? నేను ఇప్పుడు హైదరాబాద్‌లో బండ్లకి జీపీఎస్ పెట్టే కంపెనీలోనే పని చేస్తున్నాను, బండి పది నిమిషాలు ఆగితే మాకు మోత మోగుతుంది.

గోదారి గట్టు:
ఎలా తెలిసేదంటే, తెలిసేది కాదమ్మా. బ్రాంచి ఉన్న ఊళ్లో ఆగితే మేనేజరు ట్రంక్ కాల్ బుక్ చేసేవాడు, మామూలు కాల్ అయితే గంటలు గంటలు, అర్జెంటు అయితే రెట్టింపు డబ్బు. ఎదురొచ్చే మన కంపెనీ బండికి లైటు కొట్టి ఆపి, 'ఫలానా చోట టైరు పేలింది, ఆఫీసులో చెప్పు' అని చెప్పి పంపడం ఎక్కువ. అందుకే డోర్ మీద కంపెనీ పేరు అంత పెద్దగా రాయించేవాళ్లు, చీకట్లో కూడా మన బండని తెలియాలి.

1999 అక్టోబరు 29 ఒడిశా తుపానప్పుడు నేను చేపల లోడుతో ఖుర్దా దగ్గర ఇరుక్కున్నాను. చెట్లు రోడ్డుకి అడ్డంగా వరసనే పడిపోయాయి, ముందు వెనక ఎటు చూసినా లారీలే, ఫోన్లు లేవు, కరెంటు లేదు. గాలి ఎంతగా కొట్టిందంటే ఖాళీ లారీలు పక్కకి ఒరిగిపోయాయి, లోడు ఉండబట్టి మా బండి నిలబడింది. ఐసు కరుగుతోంది, బండి కింద నీళ్లు ధార కడుతున్నాయి. చూసి చూసి, కుళ్లిపోయాక పారేయడం కంటే నయమని పక్క ఊరి వాళ్లని పిలిచి ట్రేలు దించేశాం. వాళ్ల దగ్గర తినడానికి ఏమీ లేదు, పైకప్పు కూడా లేదు. వాళ్లు ఆ తడి కట్టెలతోనే మంట పెట్టి కాల్చుకున్నారు, మాకూ పెట్టారు. మా ఇంట్లో వాళ్లు నేను పోయాననే అనుకున్నారు. భీమవరం చేరాక ఓనరు లోడు గురించి ఒక్క మాట అడగలేదు, నేను కూడా ఇప్పటిదాకా ఆయన్ని ఒక్క మాట అననివ్వను. ఇది రాజు బతుకా గుమాస్తా బతుకా నాకు తెలియదు, ఓనర్ తమ్ముడూ.

క్లీనర్ నుంచి ఓనర్:
అన్నయ్యా, ఇక దానికి నేనేం అంటాను.

ఉస్మాన్‌గంజ్ కాకా:
చెక్‌పోస్టుల గురించి ఒక్కరు రాయలే ఇంకా. తడ, ఇచ్ఛాపురం, అన్ని రాష్ట్రాల సరిహద్దుల లైన్లు. వంట సామాను ఎందుకు పెట్టుకునేటోళ్లం అనుకున్నరు? లైన్ల నిలబడి అన్నం, పప్పు, తొక్కు అన్ని అయినంక కూడ మన నంబరు రాకపోయేది. కాయితాల కట్ట పట్టుకొని ఉరుకుడు క్లీనర్ పని.

లెక్కలాయన:
పర్మిట్ల సంగతి కూడా ఉంది. నేషనల్ పర్మిట్ అన్నా దేశమంతా కాదు, సొంత రాష్ట్రంతో కలిపి కనీసం నాలుగు రాష్ట్రాలు ఎంచుకుని ఒక్కోదానికీ విడిగా పన్ను కట్టాలి. ఎంచుకోని రాష్ట్రంలోకి కిరాయి వస్తే అయిపోయామే. 2010 లో కొత్త పద్ధతి వచ్చాక దేశమంతటికీ ఒకే ఫీజు అయింది. పన్ను చెక్‌పోస్టులు 2017 జులై 1 జీఎస్టీతో పోయాయి. రోడ్ల నంబర్లు కూడా 2010 లోనే మార్చారు, ఎన్‌హెచ్ 5 కాస్తా 16, కాకా గారి ఎన్‌హెచ్ 7 కాస్తా 44.

ఆటోనగర్ బాబాయ్:
ఎవరు ఎన్ని నంబర్లు మార్చినా నాకది ఐదో నంబరు రోడ్డే. పైగా ఇప్పుడు కొత్త లారీలకి క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలట, 2025 నుంచి తయారైనవాటికి. మా మేనల్లుడు బండి కొన్నాడు, ఎక్కి కూర్చుంటే ఇంట్లో కంటే చల్లగా ఉంది. మేం ఇంజను పక్కన కూర్చుని కాళ్లు ఉడకపెట్టుకున్నాం, ఎండాకాలం ఇంజను మూత మీద తడి గోనె కప్పుకునేవాళ్లం.

కడప రాళ్లబండి:
ఏసీ వచ్చింది గానీ డ్రైవర్లు రావడం లేదు బాబాయ్. మా ఊర్లో లారీ డ్రైవర్ అంటే పిల్లనిచ్చేవాళ్లు లేరు. మా కాలంలోనూ లేరు గానీ అప్పుడు అబద్ధం చెప్పే వీలుండేది, కంపెనీలో ఉద్యోగం అంటే ఒప్పుకునేవాళ్లు.

గోదారి గట్టు:
అందుకేగా బండి వెనక 'నన్ను చూసి ఏడవకురా' అని రాయించుకున్నది. చూసి ఏడ్చేది మాత్రం ఫైనాన్స్ వాళ్లొక్కళ్లే.

డ్రైవర్‌గారి అమ్మాయి:
అంకుల్ వాళ్లూ, ఒక సహాయం. నాన్నగారి ట్రంకు పెట్టెలో పాత బిల్టీ పుస్తకాలు నాలుగు దొరికాయి, కంపెనీ ఎప్పుడో మూసేశారు. కొన్ని కాయితాలు అతుక్కుపోయాయి, కొన్నింటి మీద గ్రీజు మరకలు. అమ్మ తుక్కువాడికి ఇచ్చేయమంటోంది. ఉంచాలా, పారేయాలా?

క్లీనర్ నుంచి ఓనర్:
అస్సలు పారేయకమ్మా. అతుక్కున్నవాటిని లాగకు, నీడలో ఆరబెట్టు. చెదలు పట్టకుండా వేపాకు వేసి పెట్టు. ఏ ఏడాది కిరాయి ఎంతో, ఏ సరుకు ఏ ఊరికి పోయిందో అన్నీ అందులోనే ఉంటాయి. తీరికున్నప్పుడు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు, పార్టీల పేర్లు, అడ్రసులు మాత్రం కప్పేసి పెట్టు.

ఉస్మాన్‌గంజ్ కాకా:
రాయ్‌పూర్ లైను అంటే సాలూరు ఘాటు మీదికెల్లి పోయేటోళ్లు కదమ్మా. ఆ కిరాయిలు ఎట్లున్నయో చూడాలని నాకు కూడ ఉన్నది, పెట్టు.

లెక్కలాయన:
అమ్మా, ఒక్క పని చెయ్యి. ప్రతి బిల్టీ మీద కుడివైపు మూల 'పెయిడ్' అని ఉందో 'టు పే' అని ఉందో చూడు. టు పే అంటే సరుకు అందుకున్నవాళ్లు కట్టేది, అది ఉండి కింద వసూలు సంతకం లేకపోతే ఆ కిరాయి ఇంకా రావాల్సి ఉన్నట్టే. లెక్క కట్టి చెప్తాను, వడ్డీతో సహా.